వేడి గోలీ, చలువ మజ్జిగ

మా అత్తమ్మ దృష్టిలో ఈ లోకంలో ఉన్నవి రెండే: వేడి చేసేవి, చలువ చేసేవి. నువ్వులు వేడి, సబ్జా గింజలు చలువ. బొప్పాయి వేడి, సొరకాయ చలువ. నా నోరు వేడి, తన కొడుకు చలువ. ఈ చివరి మాట మాత్రం నేనూ కాదనను. వనపర్తిలో మాకొక చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఆయన పెళ్లిళ్లకు పోయి ఫోటోలు తీస్తాడు, నేను కంప్యూటరు ముందు కూర్చొని ఆల్బములు తయారు చేస్తాను. పెళ్లివాళ్లు వచ్చి పేచీ పెడితే ఆయన నవ్వుతాడు, నేను అరుస్తాను. దుకాణం అట్లా నడుస్తున్నది.

నాకు నెల తప్పిందని తెలిసిన రోజే అత్తమ్మ వంటింటి మీద పడింది. నువ్వుల డబ్బా, బెల్లం, ఆవకాయ జాడీ అటక ఎక్కాయి. సబ్జా గింజలు, పెసరపప్పు చేతికందే చోటికి దిగాయి. మజ్జిగ కుండకు తడిబట్ట చుట్టి గడప పక్కన ఒక సింహాసనం ఏర్పాటైంది.

"తొలిసూరు కాన్పు. పిల్ల ఒళ్లే వేడి, నోరు ఇంకా వేడి. జర పైలంగ చూసుకోవాలె" అని కొడుకుతో అంటుంటే నాకు వినబడింది. వినబడాలనే అన్నది లెండి.

మొదట్లో తిన్నదేదీ కడుపులో నిలిచేది కాదు. అత్తమ్మ జీలకర్ర కాచి, వడగట్టి, గోరువెచ్చగా చేతికిచ్చేది. పక్కింటి ఖాలా తన దొడ్లో నిమ్మాకు తెంపి, నలిపి, "వాసన చూడు బేటీ" అని అరచేతిలో పెట్టేది. ఆ రెండూ నిజంగానే పనిచేశాయి. మంచిని మంచి అనకపోతే కళ్లు పోతాయి. వడ్డేపల్లి దగ్గర మా ఊరి నుంచి అమ్మ పంపిన పసరు సంగతి మాత్రం వేరు. సీసా మూత తీయగానే పొయ్యి పక్కన పడుకున్న పిల్లి లేచి బయటికి పోయింది. అది ఏ ఆకు పసరో అమ్మకు తెలియదు, ఇచ్చినాయన చెప్పడు, చెప్తే మందు పనిచేయదట. దవాఖానలో డాక్టరమ్మకు సీసా చూపిస్తే, "ఏందో తెలియనిది కడుపులో ఎట్లా పోసుకుంటావమ్మా?" అన్నది. నాకూ అదే న్యాయంగా తోచింది. తీసుకుపోయి పెరట్లో గోరింటాకు చెట్టు మొదట్లో పోశాను. చెట్టు బతికింది గానీ చాలా రోజులు నా మీద అలిగినట్టే ఉంది.

ఐదో నెలలో డాక్టరమ్మ నా కంటి కింది రెప్ప లాగి చూసింది. గోళ్లు చూసింది. రక్తం పరీక్ష కాగితం చూసింది. తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"రక్తం బాగా తక్కువుంది. పుట్టింట్లో కాన్పు, గద్వాల దవాఖానలో అంటున్నావు గదా. రక్తం పెరిగితేనే గద్వాల. పెరగకపోతే పాలమూరు పెద్ద దవాఖానకే పోవాలి, రక్తం ఇచ్చే మనుషులను సిద్ధం పెట్టుకోవాలి. కాన్పులో ఎవరికైనా కొంత రక్తం పోతుంది. నీ దగ్గర పోగొట్టుకునేంత లేదమ్మా."

ఎర్రటి ఇనుము గోలీలు రాసిచ్చింది. రోజూ ఒకటి, తప్పకూడదు అన్నది.

బయటికి రాగానే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ నోట్లో నువ్వు గింజ నానదు. ఒక మాట చెప్తే పది అడిగే మనిషి. ఆ రోజు ఏమీ అడగలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకొని "అమ్మా, అమ్మా" అని పిలిచాను. "వింటున్న బిడ్డా" అని మాత్రం అన్నది. ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది.

అమ్మకు ఒక అక్క ఉండేది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. కాన్పు ఇంట్లోనే అయింది, మగపిల్లవాడు, బాగానే పుట్టాడు. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. ట్రాక్టరు మీద గద్వాలకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. అప్పటికి అమ్మకు పెళ్లి కాలేదు. ఆ పసివాణ్ణి పెంచింది అమ్మే. పెళ్లి చూపులప్పుడు కూడా వాడు అమ్మ చంకలోనే ఉన్నాడని మా నాయన ఇప్పటికీ నవ్వుతాడు. ఆ పిల్లవాడే మా అన్న. నాకు ఊహ తెలిసేసరికి మా ఇంటి పెద్దకొడుకు ఆయనే. ఇప్పుడు గద్వాలలో ఆటో నడుపుతాడు, గుబురు మీసాలు పెంచాడు, బల్లిని చూస్తే మాత్రం పరుగెత్తుతాడు.

గోలీలు ఇంటికి వచ్చాయి. అత్తమ్మ ఒకటి తీసి వెలుతురులో పట్టి చూసింది, వాసన చూసింది.

"ఇనుమే. నిప్పు కణమే గిది" అన్నది.

నేను యుద్ధానికి సిద్ధమయ్యాను. గోలీ మింగితే పిల్లలు నల్లగా పుడతారని, బరువెక్కువై కాన్పు కష్టమవుతుందని మా వీధిలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. "నల్లగా పుడితే ఏమైతది? దినమంత పెళ్లికూతుళ్లను కంప్యూటర్ల తెల్లగ చేస్తున్న, నా బిడ్డను చేసుకోలేనా?" అన్నాను.

అత్తమ్మ నా వైపు చూడనైనా చూడలేదు. "రంగుకేందే, ఏదైతే గదైతది. డాక్టరమ్మ చెప్పినంక గోలీ మానేది లేదు. గానీ దాని వేడి విరగ్గొట్టాలె" అన్నది.

ఆ రోజు నుంచి గోలీ వేళకు అత్తమ్మ గడియారం కన్నా ముందుండేది. ఒక చేతిలో గోలీ, ఒక చేతిలో చిక్కటి మజ్జిగతో నిండిన పెద్ద గ్లాసు, పైన కొత్తిమీర. మింగిందాకా ఎదురుగా నిలబడేది. స్టూడియోలో ఉంటే స్టూడియోకే వచ్చేది. ఒకసారి పెళ్లివాళ్ల ముందే నోట్లో గోలీ వేసి గ్లాసు ఎత్తి పట్టింది. వాళ్లు బేరం మరిచిపోయి, మంచి అత్త దొరికిందని మెచ్చుకొని పోయారు. అటు అమ్మ ఫోన్లో ఇంకో ఉపాయం చెప్పింది: గోలీ వేసుకున్నాక నోరంతా ఇనుము వాసన కొడుతుంది గనుక వెంటనే అల్లం చాయ్ తాగాలి. నేను ఇద్దరి మాటా విన్నాను. మజ్జిగ అయ్యాక చాయ్. నా జన్మలో అంత బుద్ధిగా నేనెప్పుడూ లేను.

నెల తర్వాత పరీక్ష చేస్తే రక్తం ఉన్నచోటే ఉంది.

డాక్టరమ్మకు కోపమొచ్చింది. "గోలీలు వేసుకుంటున్నావా, మోరీలో వేస్తున్నావా? మీరంతా ఇంతే. ఇక్కడ తల ఊపుతారు, ఇంటికి పోయి పారేస్తారు" అన్నది. నాకు ఇంకా పెద్ద కోపమొచ్చింది. ఒక్కటి తప్పలేదని గట్టిగానే అరిచాను. మా ఆయన జీవితంలో మొదటిసారి గొంతు పెంచి, "నిజం మేడమ్, మా అమ్మ నోట్లో చూసి మరీ మింగిస్తది" అన్నాడు. ఆమె నమ్మలేదు. వచ్చే నెలకూ ఇట్లాగే ఉంటే గద్వాల మాట మరిచిపొమ్మన్నది. ఇంటికి వచ్చి ఏడ్చాను. పాలమూరు దూరమని కాదు. అమ్మ ఫోన్లో మాట్లాడకుండా ఉండిపోయిందే, ఆ చప్పుడు లేనితనం నా చెవుల్లోంచి పోలేదు.

ఇంట్లో విచారణ మొదలైంది. "మీ అమ్మ ఏమన్న పసరు గిట్ల తాపిందా?" అని అత్తమ్మ. "మీ అత్త కడుపు మాడుస్తున్నదా ఏంది?" అని అటు నుంచి అమ్మ. వియ్యపురాళ్లిద్దరూ నా ఫోన్లోనే, నా చెవి పక్కనే పరోక్షంగా తిట్టుకున్నారు. నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ మాటలు మార్చి అందించాను, కాస్త చక్కెర కలిపి.

ఏడో నెలలో అమ్మ శ్రీమంతానికి వచ్చింది. చీర, గాజులు, గంపెడు పిండివంటలు తెచ్చింది. పేరంటం అయ్యాక మర్నాడు నన్ను తీసుకుపోవాలి. పోయేముందు డాక్టరమ్మకు చూపించాలి, ఆమె సరేనంటేనే ప్రయాణం. అందుకని పొద్దున్నే ముగ్గురం దవాఖాన వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. చేతుల నిండా గాజులతో మధ్యలో నేను, ఇటు అత్తమ్మ, అటు అమ్మ. మా ముందూ వెనకా కడుపులతో ఆడవాళ్లు, వాళ్ల పక్కన వాళ్ల అత్తలు, తల్లులు. లైను కదలడం లేదు.

గోలీ వేళైంది. అత్తమ్మ సంచీలోంచి గోలీ తీసింది, తర్వాత స్టీలు సీసా తీసింది. మూత తిప్పగానే మజ్జిగ నురగ పొంగి ఆమె చేతి మీద కారింది. అది చూసి అమ్మ కూడా తన సంచీలోంచి ఫ్లాస్కు తీసింది.

"వదినా, మజ్జిగతోని ఇనుము వాసన పోదు. చాయ్ తెచ్చిన నేను" అన్నది అమ్మ.

"గోలీ వేడి, చాయ్ వేడి. రెండు వేడిలు పెట్టి పిల్లను వేయిస్తవా వదినా?" అన్నది అత్తమ్మ.

"వేయించుడేంది? అల్లం చాయ్ అరుగుదలకు మంచిది."

"మా ఇంట్ల అరుగుదల లేనోళ్లు ఎవ్వరు లేరు."

అత్తమ్మ అప్పటికే నా నోట్లో వేసిన గోలీ నాలుక మీద కరుగుతున్నది. ఇద్దరి మొహాలూ చూసి, సీసా గుంజుకొని మజ్జిగ గటగటా తాగాను, ఫ్లాస్కు మూతలో పోసిన చాయ్ కూడా ఊదుకొని తాగాను. మూతి తుడుచుకొని తల ఎత్తితే తలుపు దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తున్నదో.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నది.

అత్తమ్మ గర్వంగా లేచింది. "గోలీ వేస్తున్నం డాక్టరమ్మా. నీకు నమ్మకం లేకపాయె గదా, నీ కండ్లతోనే చూడు. ఒక్క దినం తప్పియ్యలే. వేడి చెయ్యకుండ మజ్జిగ గూడ తాపుతున్న."

"చాయ్ గూడ" అన్నది అమ్మ, వెనకబడకుండా.

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. తర్వాత ఆమెకు నవ్వు ఆగలేదు. తలుపుకు ఆనుకొని నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను ఉత్తగనే తిట్టిన తల్లీ" అన్నది. మజ్జిగ గానీ, పాలు గానీ, చాయ్ గానీ గోలీతో కలిస్తే అందులోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనియ్యవట. తాగొద్దని కాదు, గోలీకి దూరంగా తాగాలి, మజ్జిగ మధ్యాహ్నం అన్నంలో పోసుకొమ్మన్నది. గోలీకి నిమ్మకాయ నీళ్లు మంచివన్నది. చెప్తూ చెప్తూ ఆగి, వరండా అంతా చూసి, "ఇంకా ఎవరన్నా మజ్జిగతో వేసుకుంటున్నారా?" అని అడిగింది.

అందరూ నేల చూపులు చూశారు. అయిజ నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చిన ఒక పిల్ల మెల్లగా సంచీలోంచి సీసా తీసి ఒడిలో పెట్టుకుంది. ఆ పిల్ల పక్కామె తీసింది. ఆ వెనక ఒక ముసలవ్వ చెంబు తీసింది. తెల్లటి సీసాలు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఆ వరండాలో పాలకేంద్రం తెరవొచ్చనిపించింది. మొత్తం వరండా నవ్వింది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. నా సంగతిలో మంది ఎక్కువై మజ్జిగ చిక్కనైంది, రక్తమే పలచనైంది.

ఆ రోజు డాక్టరమ్మ గద్వాలకు ఒక అవకాశం ఇచ్చింది. పుట్టింటికి పోవచ్చు, అక్కడి దవాఖానలో పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, తొమ్మిదో నెలకు పెరిగితే అక్కడే కాన్పు, లేకపోతే పాలమూరు. పసర్లు వద్దు. నొప్పులు రావాలని ఆముదం అసలే తాపొద్దు. ఆ చివరి మాట దగ్గర అమ్మ తల ఊపలేదు. నేను గమనించాను.

ఇంటికి వచ్చే దారిలో ఆటోలో అత్తమ్మ మజ్జిగ సీసాను ఒడిలో పెట్టుకొని కూర్చుంది. సందు మలుపులో, "నా చేతులతోనే చేస్తి గదనే" అన్నది చిన్నగా. ఆమె కళ్లలో నీళ్లు చూసి నా వేడి నోరు కూడా చల్లబడింది. ఆమె మీద నాకింత ప్రేమ ఉందని ఆ ఆటోలోనే తెలిసింది. "అత్తమ్మా, నిమ్మకాయ వేడా, చలువా?" అని అడిగాను.

అత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నిమ్మకాయ చలువనే."

"డాక్టరమ్మ నిమ్మకాయ నీళ్లతోనే వేసుకోమన్నది గదా."

అత్తమ్మ నిటారుగా కూర్చుంది. "మరి గా ముక్క ముందుగాల్నే చెప్పొద్దా? ఖాలా చెట్టుకు నిమ్మకాయలు లేవా ఏంది!" అని, ఆటో దిగకముందే ఖాలాకు కేక వేసింది.

పెబ్బేరు మీదుగా, కృష్ణ వంతెన దాటి, నిమ్మకాయల సంచీతో పుట్టింటికి చేరాను. అక్కడ జొన్నరొట్టె, పుంటికూర, పల్లీలూ బెల్లమూ దంచిన ముద్దలు, పొద్దున తైద అంబలి, అదే రాగి జావ. అత్తమ్మ అటకెక్కించినవన్నీ అమ్మ దించింది. అత్తమ్మ మాత్రం వదిలితేనా? రోజూ గోలీ వేళకు వీడియో కాల్. "చేతుల ఏముంది, చూపియ్యి. నిమ్మకాయ నీళ్లేనా? నోరు తెరువు. నాలుక లేపు." పత్తి చేనుకు పోవడానికి మా వాకిట్లో చేరిన కూలీలు పని ఆపి ఆ తమాషా చూసేవాళ్లు. వాళ్లలో ఒకామె తన కోడలికీ నిమ్మకాయ అడిగి తీసుకుపోయింది. గద్వాలలో పరీక్ష చేసిన ప్రతిసారీ రక్తం కాస్త కాస్త పైకి జరిగింది. నాకంటే ముందు అన్నే సంబరపడి ఆటోలో పాట పెట్టేవాడు.

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం అమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. కొంగు కింద చిన్న సీసా ఉంది. గానుగ ఆముదం, చిక్కగా, తేనె రంగులో. అమ్మమ్మ ఇంటి నుంచి తెప్పించిందట.

"ఒక్క గుక్క. కాన్పు అల్కగ అయితది" అన్నది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డాక్టరమ్మ ఏమన్నదో మరిచిపోయావా అని అరిచాను. అమ్మ తిరిగి అరవలేదు. సీసాను రెండు చేతుల్లో పట్టుకొని, "మా అక్క తాగనని మొండికేసింది. కక్కేసింది. తాగి ఉంటే బతుకుతుండె అని మంత్రసాని చెప్పింది. గందుకే బిడ్డా" అన్నది.

ఇన్నేళ్లూ అమ్మ మోసిన మాట అది. నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. అమ్మ చేతుల మీద నా చేతులు వేశాను. "అమ్మా, పెద్దమ్మకు తక్కువైంది ఆముదం కాదే. రక్తం. అప్పుడు ఆమెకు ఈ గోలీలు ఎవరిచ్చిండ్రు? నాకు ఉన్నయి. వేసుకున్న. పెరిగింది" అన్నాను. అమ్మ లేచి, సీసాకు గట్టిగా మూత పెట్టి, గూట్లో పసుపు డబ్బా వెనక పెట్టింది.

నొప్పులు పట్టపగలే వచ్చాయి, పెద్దమనిషి తరహాలో. అన్న ఆటో మీద గద్వాలకు పోయాం. ఎందుకైనా మంచిదని రక్తం ఇవ్వడానికి అన్న దవాఖానలోనే ఉండిపోయాడు. సూదంటే వణికే మనిషి, కడుపు నిండా ఉండాలని ఎవరో చెప్తే బయట బండి మీద ఇడ్లీలు ఖాళీ చేసి వచ్చి, చొక్కా చేయి మడిచి తయారుగా కూర్చున్నాడట. సాయంత్రం కాకముందే కాన్పు అయింది. ఆడపిల్ల. నర్సమ్మ బయటికి వచ్చి, తల్లీ పిల్లా బాగున్నారు, రక్తం అవసరం పడలేదు అని చెప్పింది. అన్న మడిచిన చొక్కా చేయి దింపుకోవడం మరిచిపోయి, గోడకు ఆనుకొని చంటిపిల్లవాడిలా ఏడ్చాడని అమ్మ చెప్పింది.

మర్నాడు తొలి బస్సుకు అత్తమ్మ దిగింది. మా పాప నల్లగా, గుండ్రంగా, నేరేడు పండులా ఉంది. వియ్యపురాలు ఏమంటుందో అని అమ్మ బట్ట సర్దుతూ, "జర నలుపు వదినా. పెరిగితే తేటపడతది" అన్నది.

"నలుపేంది?" అన్నది అత్తమ్మ, పాపను ఎత్తుకొని. "గోలీలు మంచిగ పట్టినయి."

ఊరందరి ఫోటోలు తెల్లగా చేసే నేను నా కూతురి ఫోటోలను ఇప్పటిదాకా కంప్యూటర్లో ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చి, బొడ్డు ఊడాక, పాపకు తొలి స్నానం చేయించిన రోజున అమ్మ గూట్లోంచి ఆ ఆముదం సీసా తీసింది. నేను మంచం మీంచి ఉలిక్కిపడి చూశాను. అమ్మ నా వైపు రాలేదు. అరచేతిలో కొద్దిగా పోసుకొని, వేలితో అద్ది, పాప మాడు మీద మెత్తగా పెట్టింది. చేతిలో ఇంకా కొంచెం మిగిలింది. పాపను చూడటానికి వచ్చిన అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఇట్ల రారా" అన్నది.

మీసాల మనిషి, లోపలికి వచ్చి తల వంచాడు. అమ్మ మిగిలిన ఆముదం ఆయన నడినెత్తిన పెట్టి అరచేత్తో అదిమింది.

"నీకు పెట్టిన దినం నా చేతులు ఒకటే వణికినయిరా," అన్నది. "ఇయ్యాల వణకలే."